కాశీయాత్రా సన్నాహం: వీరాస్వామయ్యగారి మజిలీల లెక్క

వేసవి వచ్చినదనగానే చోడవరం వంటి ఊళ్ళలో కూడ ఇంటింటా దూరప్రయాణాల ముచ్చట్లు సాగుతవి. ఏ ఊరు ముందు, ఏ ఊరు వెనుక, ఎక్కడ ఎన్ని దినములు నిలువవలెను, ఎంత సొమ్ము కావలెను, ఇంటికి తాళం వేసి ఎవరికి అప్పగించవలెను, అని పెద్దలు లెక్కలు వేస్తారు. పిల్లలు మాత్రం కిటికీ ప్రక్క చోటు కోసం అప్పుడే తగవు పడతారు. ఈనాడు విశాఖపట్టణంలో రైలెక్కినవాడు రెండు దినములు గడవకముందే కాశీలో గంగాస్నానం చేయవచ్చును. సొమ్మున్నవాడు ఆకాశమార్గాన ఐరోపా ఖండమునకు పోయి, అచ్చటి కొండలూ సరస్సులూ నెలరోజులలో చుట్టి రావచ్చును. ప్రయాణం సులభమైనకొద్దీ సన్నాహమనే విద్య మనకు తేలికగా కనబడుతున్నది. అది తేలికైన విద్య కాదనీ, నూరుమంది ప్రాణాలు దానిమీద ఆధారపడిన కాలం ఒకటి ఉండినదనీ తెలుసుకొనడానికి మన భాషలోనే చక్కని సాక్ష్యం ఉన్నది. అది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర.

ముందుగా దూరం సంగతి చూద్దాం. చోడవరం నుండి కాశీకి ఏ తోవన పోయినా వెయ్యి కిలోమీటర్లకు తక్కువ ఉండదు. పూర్వులు దూరమును ఆమడలతో కొలిచేవారు. ఆమడ అంటే సుమారు ఎనిమిది మైళ్ళు, అనగా పదమూడు కిలోమీటర్లు. పిల్లలూ వృద్ధులూ ఉన్న గుంపు దినమునకు ఒక ఆమడ నడిచినదనుకొంటే, ఎక్కడా ఆగకుండా పోయినా కాశీ చేరడానికి రెండున్నర నెలలు పడుతుంది. వానలూ, జ్వరాలూ, ఏటి పొంగులూ, ఏకాదశులూ, తద్దినాలూ కలుపుకొంటే ఆ లెక్క రెట్టింపయినా ఆశ్చర్యం లేదు. తిరిగి రావడం మరొక లెక్క. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమనే సామెత ఊరకనే పుట్టలేదు. బయలుదేరేవాడు అప్పులు తీర్చి, ఆస్తి సంగతి పెద్దకొడుకుతో చెప్పి, ఊరివారి సెలవు తీసుకొని మరీ బయలుదేరేవాడు. క్షేమంగా తిరిగి వచ్చినవాడు గంగపూజ చేసి ఊరంతటికీ సమారాధన చేసేవాడు. ఆ భోజనం వెనుక భక్తి ఎంత ఉన్నదో, బ్రతికి వచ్చినామనే ఊరట కూడ అంతే ఉన్నది.

ఇట్టి కాలంలో, 1830వ సంవత్సరం మే నెల 18వ తేదీ మంగళవారం రాత్రి వీరాస్వామయ్యగారు చెన్నపట్టణం విడిచి కాశీకి బయలుదేరినారు. ఆయన చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ. సాక్షి తెలుగులోనో అరవంలోనో చెప్పిన మాటను ఇంగ్లీషు న్యాయాధిపతికి ఉన్నదున్నట్లు అందించడం ఆయన ఉద్యోగం. ఒక్క మాట అటుయిటైతే ఒకరి ఆస్తి మరొకరి పాలవుతుంది, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోతుంది. ఆ ఉద్యోగం నేర్పిన నికరమైన చూపు ఆయన యాత్రలో అడుగడుగునా కనబడుతుంది. బంధువులు, పరిచారకులు, మేనా మోసే బోయీలు కలిసి ఆయన వెంట నడిచినవారు సుమారు నూరుమంది. ఆయన తిరిగి చెన్నపట్టణం చేరినది 1831 సెప్టెంబరు 3వ తేదీ. అంటే పదిహేను నెలలు దాటి మరి పదిహేను దినములు ఆయన తోవలోనే ఉన్నారు.

నూరుమందిని అన్నాళ్ళు నడిపించడం చిన్న సైన్యమును నడిపించడం వంటిదే. సేనకు వెనుకనుండి సరుకు వస్తుంది. యాత్రికుడికి అట్టి ఆధారం లేదు. సాయంకాలానికి ఏ ఊరు చేరితే ఆ ఊళ్ళో నూరుమందికీ బియ్యం, పప్పు, కట్టెలు, నీళ్ళు దొరకవలెను. అందువల్ల యాత్ర అంతటికీ కీలకమైన మాట మజిలీ. కోరిన ఊరు చేరడం కాదు, నిలువదగిన ఊరు చేరడం ముఖ్యం. రెండు ఆమడల దూరాన పెద్ద సంత ఉన్నదని తెలిసినా, నడుమ అడవి ఉంటే ఆమడ దూరపు పల్లెలోనే ఆగవలెను. వీరాస్వామయ్యగారు తాము దిగిన మజిలీలను గురించి ఓపికగా వ్రాసుకొన్నారు. దారి ఇసుకపర్రయా, రాతినేలయా, అడవియా, నీళ్ళు మంచివా, ఉప్పువా, అంగళ్ళు ఉన్నవా, దిగడానికి సత్రమో చావడియో ఉన్నదా, ఏటిని కాలినడకను దాటవచ్చునా, పడవ కావలెనా. దేవాలయపు గోపురం ఎంత ఎత్తో చెప్పడానికి ముందు ఊరి బావి సంగతి చెప్పగల యాత్రికుడాయన.

రెండవ చిక్కు రాజ్యాల సరిహద్దులు. ఈనాడు చెన్నై నుండి వారణాసికి పోయేవారికి రాష్ట్రాల పేర్లు మారినట్లు తెలిసేది బోర్డుల మీది లిపిని బట్టియే. 1830లో అట్లు కాదు. కడప సీమ కంపెనీవారిది. శ్రీశైలం కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండినది. హైదరాబాదు నైజాముది. నాగపురం భోంసలేలది. అది దాటితే మరల కంపెనీవారి అధికారం. ప్రతి సరిహద్దులోనూ సుంకపు చౌకీ, క్రొత్త నాణెం, క్రొత్త తూకం. కంపెనీవారి ఏలుబడి అంతటా చెల్లే ఏకరీతి రూపాయి ఏర్పడినది 1835లో. అంటే యాత్ర ముగిసిన నాలుగేళ్ళకు. అంతకుముందు దూరప్రయాణీకుడు చేతిలోని నాణెమును సరాఫుల వద్ద మార్చుకొంటూ, ప్రతిచోటా వట్టం చెల్లిస్తూ పోవలసినదే. నగదు మూట దొంగలకు ఆశ చూపుతుంది గనుక పెద్ద మొత్తములను హుండీల రూపంలో తీసుకొనిపోయేవారు. ఒక ఊరి సాహుకారు వ్రాసి ఇచ్చిన కాగితమును మరొక ఊరి సాహుకారు మన్నించి సొమ్ము ఇచ్చేవాడు. నేటి బ్యాంకు చీటీకి అది తాత వంటిది.

దొంగల మాట వచ్చినది గనుక మరొక సంగతి. మధ్యదేశపు దారులలో థగ్గులు యాత్రికులతో స్నేహం నటించి, ఉరి బిగించి చంపి దోచుకొనే కాలమది. జబల్‌పూరు ప్రాంతంలో స్లీమన్ అనే అధికారి వారిని పట్టి అణచిన ప్రయత్నం 1830 తరువాతి సంవత్సరాలలోనే బలపడినది. వీరాస్వామయ్యగారి తోవ కూడ జబల్‌పూరు మీదుగనే. ఒంటరిగా పోవడం కంటె నూరుమందితో పోవడం ఖర్చే గాని, ఆ ఖర్చు ఆడంబరం కోసం కాదు. గుంపే నాటి కవచం.

మూడవ చిక్కు ఋతువు. మే నెలలో బయలుదేరినవారికి కృష్ణా గోదావరీ ప్రాంతములలో వానకాలం ఎదురవుతుంది. నల్లరేగడి నేల తడిసినదంటే బోయీల కాళ్ళు మోకాలి వరకు దిగబడతవి. వానలు తప్పించుకొనవలెనంటే ఎండలలో నడవవలెను. ఎండలు తప్పించుకొనవలెనంటే వానలలో నడవవలెను. పదిహేను నెలల యాత్రలో అన్ని ఋతువులూ రాక తప్పవు గనుక, ఏ ఋతువు ఏ సీమలో ఎదురైతే తక్కువ బాధయో ఎంచుకొనడమే నేర్పు. గంగాతీరం చేరిన తరువాత కొంత దూరం పడవలు ఆదుకొన్నవి. తీర్థముల వద్ద మరొక ఖర్చు. ప్రయాగలోనూ, గయలోనూ, పూరీ జగన్నాథంలోనూ కంపెనీ ప్రభుత్వం యాత్రికుల మీద పన్ను వసూలు చేసేది. ఆ పన్ను 1840లో గాని రద్దు కాలేదు. మోక్షం కోసం వచ్చినవాడు మొదట దొరతనమువారి గుమాస్తాకు దర్శనం ఈయవలసి వచ్చేదన్నమాట.

పోయినది హైదరాబాదు, నాగపురం, జబల్‌పూరుల మీదుగా. తిరిగి వచ్చినది కలకత్తా, జగన్నాథం, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్టణం, రాజమహేంద్రవరం మీదుగా. పోయిన దారినే తిరిగి రాకపోవడం కూడ సన్నాహంలోని వివేకమే. ఒకే యాత్రలో దేశం రెండు వైపులా చూసినట్లయినది. మన చోడవరం ఈ సముద్రతీరపు బాటకు కొంచెం లోపలగా ఉన్నది. ఇక్కడి యాత్రికులు అనకాపల్లి చేరి ఆ బాటను కలుసుకొనేవారు. 1831లో ఆయన ఈ సీమ దాటిపోయిన కొలదికాలంలోనే విశాఖపట్టణం జిల్లాలో జమీందారుల తిరుగుబాట్లు ముదిరి, వాటిని అణచడానికి కంపెనీవారు 1832లో రస్సెల్ అనే అధికారిని పంపవలసి వచ్చినది. యాత్ర ఒక ఏడాది ఆలస్యమైయుంటే ఈ తోవ ఆయనకు మరొక విధంగా కనబడి ఉండేది.

తీరపు బాట అనగానే చదునైన దారి అనుకొనరాదు. వంశధార, నాగావళి, శారద, వరాహ, తాండవ, ఆ తరువాత గోదావరి, కృష్ణ, పెన్న, ప్రతి నదియూ అడ్డమే. తూర్పుతీరపు రైలుమార్గం పడినది 1893 మొదలు 1896 వరకు గల సంవత్సరాలలో. రాజమహేంద్రవరం వద్ద గోదావరి మీద మొదటి రైలువంతెన తెరచినది 1900లో. ఈ రెండు పనులతో కాశీ మజిలీలు మన జీవితం నుండి తొలగి కథలలోకి వెళ్ళిపోయినవి. మధిర సుబ్బన్న దీక్షితులుగారు కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలుగా వ్రాసినారంటే, మజిలీకొక కథ చెప్పుకొంటూ నడిచిన అలవాటు తెలుగువారికి ఎంత ప్రియమైనదో తెలుస్తుంది.

వీరాస్వామయ్యగారు తాము చూసినదంతా తమ మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి లేఖలుగా వ్రాసి పంపినారు. 1836లో ఆయన కాలధర్మం చెందినారు. తమ గ్రంథం అచ్చులో చూసుకొనే భాగ్యం ఆయనకు కలుగలేదు. శ్రీనివాసపిళ్ళెగారు పూనుకొని 1838లో దానిని ప్రకటించినారు. సరిగా ఆ సంవత్సరమే లండనులో జాన్ మర్రే అనే ప్రచురణకర్త స్విట్జర్లండు యాత్రికుల కోసం ఒక కరదీపిక వెలువరించినాడు. ఏ కనుమ ఎట్లు దాటవలెనో, ఏ ఊళ్ళో ఏ సత్రం మంచిదో, బండికి ఎంత అడుగుతారో అందులో చెప్పి ఉండేది. దానిని చేతబట్టుకొని ఆంగ్ల కుటుంబాలు వేసవి గడపడానికి ఆల్ప్సు కొండలకు వెళ్ళేవి. మర్రే పుస్తకములు మరల మరల అచ్చై, దిద్దుబాట్లు పొంది, ఒక పరిశ్రమకే పునాది అయినవి. మన పుస్తకం మాత్రం కొలదిమంది పండితుల అలమరలలో మిగిలినది. 1941లో చరిత్రకారులు దిగవల్లి వేంకటశివరావుగారు వివరములతో దానిని మరల ప్రకటించి ఉండకపోతే ఎందరికి తెలిసేదో! ఆంగ్లేయులకు యాత్రల మీద ప్రీతి, మనకు లేదు అనడం పొరపాటు. చూసినవాడు మనలో ఉండినాడు, వ్రాసినవాడూ ఉండినాడు. వెనుక వచ్చేవారి కోసం ఆ వ్రాతను దిద్దుతూ నిలబెట్టే ఏర్పాటే మనకు కొరవడినది.

మరొక మాట చెప్పకుండా ఈ ప్రసంగం ముగించడం న్యాయం కాదు. వీరాస్వామయ్యగారు మేనాలో చూసిన దేశమును బోయీలు కాళ్ళతో కొలిచినారు. ఏ ఏటిలో ఎంత లోతో ముందుగా తెలిసినది వారికి. ఏ దారిలో ముళ్ళున్నవో తెలిసినది వారికి. వారి భుజాలు లేక ఆ గ్రంథం లేదు. కాని వారు లేఖలు వ్రాయలేదు. మనకు దక్కినది మేనాలో కూర్చున్నవారి చూపు మాత్రమే. చరిత్ర చదివేటప్పుడు ఈ రెండవ ప్రయాణమును కూడ మనస్సులో ఉంచుకొనవలెను.

ఈ వేసవిలో మీలో ఎందరో ప్రయాణాలకు సిద్ధపడుతూ ఉంటారు. టిక్కెట్లూ, మూటలూ, అనకాపల్లి బెల్లం, ఊరగాయ జాడీలూ అన్నీ సర్దుకొన్న తరువాత అరఠావు కాగితముల పుస్తకం ఒకటి కూడ పెట్టెలో వేయండి. దిగిన ఊరి పేరు, తేదీ, త్రాగిన నీళ్ళు ఎట్టివి, తోవ ఎట్టిది, ఖర్చు ఎంత, సహాయపడిన మనిషి ఎవరు, ఇంతవరకు దినమునకు నాలుగు పంక్తులు వ్రాస్తే చాలును. నూట తొంభై ఏండ్ల పైబడిన ఆ లేఖలు మనకు ఈనాడు దేశచరిత్ర అయినవి. మీ నాలుగు పంక్తులు మీ మనుమలకు ఏమవుతవో ఇప్పుడే ఎవరు చెప్పగలరు?