రాగిపాత్ర చెప్పిన రహస్యము

చిక్కుడుపాదుకు పేనుబంక పట్టినచో పొయ్యిలోని బూడిద తెచ్చి ఆకులపై చల్లుట మన పెద్దలెరిగిన చికిత్స. పెరటికి వైద్యము వంటింటినుండి వెళ్లుట ఒక్క మన దేశముననే కాదు. కూరగాయల తెగుళ్లకు నేడును వాడుచున్న బోర్డో మిశ్రమము కథ కూడ ఒక రాగిపాత్రతోనే ఆరంభమైనది.

ఫ్రాన్సుదేశమున మోంటోబాన్ పట్టణములో బెనెడిక్ట్ ప్రెవో అను పండితుడు గోధుమకు పట్టు కాటుక తెగులును పరిశీలించుచుండెను. తెగులు బీజములు మామూలు నీటిలో మొలకెత్తినవి. రాగిపాత్రలో కాచిన నీటిలో మొలకెత్తలేదు. నీటిలోనికి దిగిన లేశమాత్రపు రాగియే ఇందుకు కారణమని ఆయన గ్రహించెను. శిలీంధ్రమే తెగులునకు మూలమనియు, విత్తనములను మైలుతుత్తపు నీటిలో తడిపి దానిని నివారింపవచ్చుననియు 1807లో ప్రకటించెను. నాటి విద్వాంసులు నమ్మలేదు. శిలీంధ్రము తెగులునకు ఫలమే గాని కారణము కాదని వారి తలంపు.

1845లో ఐర్లండున బంగాళాదుంపకు ఆకుమాడు తెగులు సోకెను. బీదల ఆహారము ఆ దుంపయే. తరువాతి కొద్ది యేండ్లలో ఆకలిచేతను, వ్యాధులచేతను సుమారు 10 లక్షలమంది మరణించిరి. మరి అంతమంది దేశము విడిచిరి. మైలుతుత్తము, సున్నము ఆనాడును ఉన్నవే. వానిని కలిపి ఆకుపై చల్లవలెనను తెలివి మాత్రము లోకమున వ్యాపింపలేదు. ఆ తెగులునకు శిలీంధ్రమువంటి సూక్ష్మజీవియే కారణమని జర్మనుశాస్త్రజ్ఞుడు డిబారీ 1861లో గాని నిరూపింపలేదు.

పిదప 1882 అక్టోబరులో, బోర్డో నగర ప్రాంతమునగల మెడాక్ సీమలో, మిల్లార్డే అను ఆచార్యుడు ద్రాక్షతోటలమీదుగా పోవుచుండెను. బూజు తెగులుచే తోటలన్నియు ఆకురాల్చియున్నవి. దారిప్రక్కనున్న తీగలు మాత్రము పచ్చగానున్నవి. కారణమడుగగా, బాటసారులు పండ్లు కోయకుండుటకై తుత్తము, సున్నము కలిపి చల్లితిమని చెప్పిరి. దొంగలను బెదరించుటకు చల్లినది తెగులునే తరిమినది! మిల్లార్డే పరీక్షలు సల్పి 1885లో ఆ మిశ్రమమును లోకమునకు వెల్లడించెను. బంగాళాదుంప ఆకుమాడు తెగులునకును అదియే మందయ్యెను.

దీనిని ఇంటనే చేసికొనవచ్చును. 100 గ్రాముల మైలుతుత్తమును 5 లీటర్ల నీటిలోను, 100 గ్రాముల సున్నమును మరి 5 లీటర్లలోను విడివిడిగా కలిపి, వడగట్టి, పిదప రెంటిని చేర్చవలెను. మట్టి లేక ప్లాస్టిక్ పాత్రలనే వాడవలెను. ఇనుపకత్తిని ముంచి తీసినపుడు ఎర్రని రాగిపూత కనబడినచో మరికొంత సున్నము కలుపవలెను. కలిపిననాడే చల్లవలెను. పదే పదే చల్లినచో రాగి నేలలో పేరుకొనును గనుక మితము అవసరము. కాయలను బాగుగా కడిగి వండుకొనవలెను.

ఒక్కమాట మరువరాదు. ఈ మందు తెగులు రాకుండ కాపాడునే గాని, ముదిరినదానిని మాన్పదు. రాగిపాత్ర 1807లో చెప్పిన మాటను విని యుండవలసినదియు ముందుగానే.