బాధితురాలి మీదికి తిరిగిన తుపాకి: ‘సైకో-పాస్’ వెనుక ఒక జపాన్ చరిత్ర

జపాన్ యానిమే అంటే మన దగ్గర ఇప్పటికీ చాలామందికి పిల్లల బొమ్మల కథలే. నేను పాఠం చెప్పే అమ్మాయిలకి మాత్రం అలా కాదు. హాస్టల్ గదుల్లో అర్ధరాత్రి దాకా చూసి, మర్నాడు ఆ కథల గురించి వాదించుకుంటూ క్లాసుకొస్తారు. వాళ్ల నోట తరచుగా వినిపించే పేరు ‘సైకో-పాస్’. ముఖ్యపాత్ర స్త్రీ, అందులోనూ పోలీసు అధికారి, కథంతా ఆమె ఆలోచన చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఇది స్త్రీవాద రచనే అని వాళ్ల వాదన. ఈ మాటను ఒప్పుకోవడానికీ కాదనడానికీ ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలనిపించింది నాకు. ఏ డిస్టోపియా అయినా రేపటి పేరు చెప్పి నిన్నటి సంగతే మాట్లాడుతుంది. మరి ఈ సీరీస్ వెనుక ఉన్న నిన్న ఏది? ఆ నిన్నలో స్త్రీల దేహాలకు ఏం జరిగింది? అది తెలియకుండా దీనికి విలువ కట్టలేం.

‘సైకో-పాస్’ మొదటి సీజన్ 2012 అక్టోబర్ నుంచి 2013 మార్చి దాకా 22 భాగాలుగా ఫ్యూజీ టీవీలో వచ్చింది. నిర్మాణం ప్రొడక్షన్ ఐ.జీ. స్టూడియోది. ముఖ్య దర్శకుడు మోతొహిరో కత్సుయుకి, దర్శకుడు షియోతాని నవొయొషి, ప్రధాన రచయిత ఉరొబుచి గెన్. పాత్రల రూపాలు గీసింది అమానో అకిరా అనే మాంగా రచయిత్రి. తర్వాత మరిన్ని సీజన్లు, సినిమాలు వచ్చాయి గానీ నేను మాట్లాడేది ఈ మొదటి సీజన్ గురించే.

కథాకాలం 2112. ‘సిబిల్’ అనే వ్యవస్థ జపాన్‌లో ప్రతి మనిషి మనసునీ నిరంతరం కొలుస్తూ ఉంటుంది. ఎవరు ఏ ఉద్యోగానికి పనికొస్తారో అదే చెబుతుంది. ఎవరు నేరం చేయగలరో కూడా అదే చెబుతుంది. నేర సూచిక 100 దాటితే ఆ మనిషి ‘గుప్త నేరస్తుడు’. ఇంకా ఏ నేరమూ చేసి ఉండనక్కర్లేదు. 300 దాటితే అక్కడికక్కడే చంపేయవచ్చు. ఆ నిర్ణయం పోలీసుది కూడా కాదు, అతని చేతిలో ఉన్న ‘డామినేటర్’ అనే తుపాకిది. ఎదుటివారి సూచికను చదివి, పేలాలా వద్దా అన్నది ఆ తుపాకే తేలుస్తుంది.

మొదటి భాగంలోనే సీరీస్ తన ప్రశ్నను మన ముందు పెట్టేస్తుంది. సూచిక పెరిగిపోయి పారిపోయిన ఒకడు దారిన పోయే ఒక స్త్రీని ఎత్తుకుపోతాడు, హింసిస్తాడు, అత్యాచారం చేస్తాడు. పోలీసులు వాణ్ని చంపి ఆమెను విడిపిస్తారు. అయితే ఆ భయంతో, ఆ అవమానంతో ఆమె సూచిక కూడా పెరిగిపోయింది. తుపాకి ఇప్పుడు ఆమె వైపు తిరుగుతుంది. ఆమె దగ్గర నేరం లేదు, నొప్పి ఉంది. యంత్రానికి ఆ రెంటికీ తేడా తెలియదు. ఆ రోజే ఉద్యోగంలో చేరిన త్సునెమోరి అకానె అడ్డుపడుతుంది. తన కింద పనిచేసే కొగామి ఆమెను చంపబోతుంటే అతన్నే స్పృహ తప్పేలా కాలుస్తుంది. ఆ స్త్రీతో మాట్లాడుతుంది. మాట్లాడుతుండగా సూచిక తగ్గుతుంది. అప్పుడు ఇంకో అధికారి ఆమెను చంపకుండా స్పృహ తప్పించి తీసుకుపోతాడు.

ఇది చూసిన ఆడవాళ్లకి విడమరిచి చెప్పాల్సిందేమీ లేదు. అత్యాచారం జరిగాక కొలతకు నిలబడాల్సింది బాధితురాలే అన్నది 22వ శతాబ్దపు ఊహ కాదు. కోర్టు బోనులో, పోలీస్ స్టేషన్ బెంచీ మీద, ఇంట్లో అమ్మానాన్నల ఎదుట ఆమె నడతకీ, ఏడుపుకీ, ఏడవకపోవడానికీ మార్కులు వేస్తూనే ఉన్నారు. ఆ కనపడని మార్కులను సీరీస్ ఒక అంకెగా తెరమీద చూపించింది. నా దృష్టిలో దీని అతి పెద్ద బలం అదే.

ఇక చరిత్ర. ఈ కథలోని భయం గాలిలోంచి పుట్టలేదు. 1995 మార్చి 20న ఓమ్ షిన్రిక్యో అనే మతసంస్థ టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయువు వదిలింది. 1997లో కోబె నగరంలో పద్నాలుగేళ్ల కుర్రాడు ఇద్దరు పిల్లల్ని చంపాడు. 2000లో బాలనేరస్తుల చట్టాన్ని సవరించి, క్రిమినల్ శిక్షకు కనీస వయసును 16 నుంచి 14కి తగ్గించారు. 2001 జూన్ 8న ఒసాకా దగ్గర ఇకెదాలో ఒక ప్రాథమిక పాఠశాలలో చొరబడినవాడు ఎనిమిది మంది పిల్లల్ని పొడిచి చంపాడు. అతనికి అంతకుముందు మానసిక చికిత్స జరిగింది. దాంతో మానసిక రోగులంటేనే ప్రమాదకారులన్న మాట దేశమంతా పాకింది. మతి స్థిమితం లేని స్థితిలో తీవ్రమైన నేరం చేసినవారిని కోర్టు ఉత్తర్వుతో ఆస్పత్రిలో ఉంచే చట్టం 2003లో వచ్చింది. మళ్లీ అలాంటి పని చేసే ప్రమాదం ఉందా అన్నది ఎవరు, దేన్ని బట్టి తేలుస్తారని వికలాంగుల సంఘాలూ, కొందరు లాయర్లూ, మనోవైద్యులూ గట్టిగా అడిగారు. ‘సైకో-పాస్’ ఈ వాదం ముగిసిన చోట మొదలైన కథ. ఆ ప్రమాదాన్ని నిజంగానే కొలిచే యంత్రం ఉంటే ఏమవుతుందని అది అడుగుతుంది.

కాని మనుషులను కొలిచి వేరుచేసే పని జపాన్ రాజ్యానికి 1995 తర్వాత కొత్తగా అబ్బింది కాదు. అంతకు చాలా ముందు అది స్త్రీల గర్భసంచుల మీద జరిగింది. సీరీస్ ఎక్కడా పేరెత్తని ఆ చరిత్రే నాకు ముఖ్యమనిపిస్తుంది.

1948లో జపాన్ ‘యుజెన్ రక్షణ చట్టం’ తెచ్చింది. ‘నాసిరకం’ సంతానం పుట్టకుండా ఆపడం దాని లక్ష్యమని మొదటి సెక్షన్‌లోనే రాసుకున్నారు. వంశపారంపర్య వ్యాధి, బుద్ధిమాంద్యం, మానసిక రోగం ఉన్నాయని డాక్టరు దరఖాస్తు పెట్టి, కమిటీ ఒప్పుకుంటే చాలు. ఆ మనిషికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేయవచ్చు, సమ్మతి అక్కర్లేదు. అవసరమైతే కట్టేయవచ్చనీ, మత్తు ఇవ్వవచ్చనీ, మోసం చేసైనా ఒప్పించవచ్చనీ ఆరోగ్య మంత్రిత్వ శాఖ 1953లో సర్క్యులర్ పంపింది. 1996 దాకా అమలైన ఈ చట్టం కింద దాదాపు 25,000 మందికి ఆపరేషన్లు జరిగాయి. వారిలో సుమారు 16,500 మందికి సమ్మతి లేకుండానే జరిగాయి. ఎక్కువమంది స్త్రీలు. తొమ్మిదేళ్ల పిల్లలు కూడా వారిలో ఉన్నారని 2023లో జపాన్ పార్లమెంటు నివేదిక బయటపెట్టింది. నెలసరి సమయంలో చాకిరీ తప్పుతుందని సంరక్షణ సంస్థల్లో ఉన్న వికలాంగ స్త్రీలకు గర్భసంచులే తీసేయించిన ఉదంతాలు కూడా ఉన్నాయి. అది ఈ చట్టం కూడా అనుమతించని పని.

ఇక్కడ స్త్రీవాదులుగా మనం తప్పించుకోలేని విషయం ఒకటుంది. జపాన్ స్త్రీలు మొదటిసారి ఓటు వేసిన 1946 ఎన్నికల్లో 39 మంది స్త్రీలు గెలిచారు. వారిలో ఒకరు కుటుంబ నియంత్రణ కోసం ఏళ్ల తరబడి పోరాడిన కాతో షిజుఎ. 1947లో ఈ చట్టానికి తొలి ముసాయిదాను సభలో పెట్టినవారిలో ఆమె ఉన్నారు. వరసగా కాన్పులతో నలిగిపోతున్న స్త్రీలకు గర్భస్రావానికి చట్టబద్ధమైన దారి కావాలన్నది ఆమె తపన. ఆ దారి వచ్చింది కూడా. అయితే అదే కాగితం మీద వేరే స్త్రీల దేహాలు రాజ్యానికి అప్పజెప్పబడ్డాయి. ఒక స్త్రీకి దొరికిన హక్కు వెల ఇంకో స్త్రీ చెల్లించింది.

ఈ ముడిని విప్పడానికి పూనుకున్నది కూడా స్త్రీలే. 1970లలో గర్భస్రావం హక్కును కుదించే సవరణలు సభకు వచ్చినప్పుడు ‘రిబు’ అనే స్త్రీ విముక్తి ఉద్యమం వాటిని ఎదిరించింది. పిండంలో లోపం ఉంటే తీసేయవచ్చనే నిబంధన కూడా ఆ సవరణల్లో ఉంది. అంటే మేం పుట్టకుండా ఉండాల్సిందనా అని సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారి సంఘం నిలదీసింది. ఆ నిలదీత స్త్రీల ఉద్యమాన్ని కూడా తాకింది. పోలియో వల్ల కాలు దెబ్బతిన్న యొనెజు తొమొకో రెండు ఉద్యమాల మధ్యా నిలబడి పనిచేశారు. కనేదా వద్దా అన్నది స్త్రీ నిర్ణయం, ఎవరు పుట్టాలో తేల్చే అధికారం రాజ్యానికి లేదు, ఈ రెండు మాటలూ కలిపే అనాలని వాళ్లు నేర్చుకున్నారు. 1994లో కైరోలో జనాభా సదస్సు జరిగినప్పుడు జపాన్ వికలాంగ స్త్రీలు ఈ చట్టం సంగతి ప్రపంచం ముందు పెట్టారు. 1996లో యుజెన్ భాగాలను తొలగించి చట్టం పేరే మార్చారు. క్షమాపణ మాత్రం చెప్పలేదు.

ఈ చరిత్రతో మళ్లీ ‘సైకో-పాస్’ దగ్గరికి వస్తే, దాని బలహీనతలు కూడా స్పష్టమవుతాయి. సిబిల్ అంటే గ్రీకు, రోమన్ గాథల్లో జోస్యం చెప్పే స్త్రీ. సీరీస్‌లో పోలీసు విభాగానికి అధిపతి కసెయి జోషు, గౌరవంగా కనిపించే పెద్దావిడ. చివరికి తేలేదేమిటంటే ఆమె ఒక యంత్రదేహం, లోపల వంతులవారీగా వచ్చి కూర్చునే మెదళ్లు. సిబిల్ అంటే కూడా కంప్యూటర్ కాదు. ఏ నేరం చేసినా సూచిక పెరగని మనుషుల మెదళ్ల గుంపు. మనకు పేరుపెట్టి పరిచయం చేసే మెదడు మనుషులను ముక్కలు చేసి చంపిన ఒక మగవాడిది. అధికారానికి ఆడ పేరూ ఆడ ముఖమూ తొడిగి లోపల మగ హింసను కూర్చోబెట్టడం గొప్ప ఊహ. దాన్ని రచయిత చివరిదాకా ఆలోచించాడని మాత్రం అనలేను. అది ఒక మలుపుగానే మిగిలిపోయింది.

కథలో చనిపోయే స్త్రీల లెక్క తీస్తే బాధ కలుగుతుంది. ఆడపిల్లల బోర్డింగ్ స్కూలు కథలో ఒక విద్యార్థిని తోటి అమ్మాయిలను చంపి శిల్పాలుగా నిలబెడుతుంది. కెమెరా ఆ దేహాలను హంతకురాలి కళ్లతోనే, కళాఖండాలుగానే చూస్తుంది. 2014 జూలైలో ససెబొ నగరంలో హైస్కూలు విద్యార్థిని సహవిద్యార్థినిని చంపినప్పుడు, పునఃప్రసారమవుతున్న సీరీస్‌లో ఈ కథ ఉన్న భాగాన్ని ఫ్యూజీ టీవీ ఆపేసింది. పదకొండో భాగంలో అకానె స్నేహితురాలు యుకిని మకిషిమ ఆమె కళ్లెదుటే చంపుతాడు. చంపుతున్నకొద్దీ అతని సూచిక తగ్గుతూ వస్తుంది, తుపాకి పేలదు. వ్యవస్థ డొల్లతనాన్ని చూపడానికి ఇంతకన్నా పదునైన సన్నివేశం లేదు. అయినా యుకి ఎవరో మనకు చివరిదాకా తెలియదు. అకానె ఎదగడానికి ఆమె చావాల్సి వచ్చింది, అంతే. పద్నాలుగో భాగంలో నడివీధిలో ఒకడు ఒక స్త్రీని కొట్టి చంపుతుంటే జనం నిలబడి చూస్తారు. యంత్రం మోగలేదు కాబట్టి అది హింస అని వాళ్లకు తోచదు. ఈ చివరిది మాత్రం నిజాయితీగా తీసిన దృశ్యం. గృహహింసను చూస్తూ నిలబడే ఇరుగుపొరుగు మనకు కొత్తవాళ్లు కారు.

వీటన్నిటి తర్వాత కూడా ఈ సీరీస్ చూడదగ్గదే అని నేనంటాను. అందుకు కారణం అకానె తీసుకున్న దారి. సిబిల్ రహస్యం తెలిశాక ఆమె ముందు రెండు దారులున్నాయి. మకిషిమలా కూల్చడం, లేదా తలవంచడం. ఆమె రెండూ చేయదు. మకిషిమను చంపకుండా పట్టుకుని చట్టం ముందు నిలబెట్టాలనుకుంటుంది. కొగామి తన తుపాకితో అతన్ని చంపేస్తాడు, కథ అతన్ని వీరుడిగా సాగనంపుతుంది. అకానె మాత్రం ఉద్యోగంలోనే ఉంటుంది. చట్టం మనుషుల్ని కాపాడటం కాదు, మనుషులే చట్టాన్ని కాపాడుకోవాలని ఆమె నమ్మకం. ఏదో ఒకరోజు ఎవరో వచ్చి మీ తీగ పీకుతారని సిబిల్‌తోనే చెబుతుంది. ఇది రాజీ అని నా విద్యార్థినులు కొందరు అంటారు. నేను అలా అనలేను.

ఎందుకంటే 2018 జనవరిలో, మియాగి ప్రాంతానికి చెందిన ఒక స్త్రీ సెందాయ్ కోర్టులో జపాన్ ప్రభుత్వం మీద దావా వేసింది. పదిహేనేళ్ల వయసులో, 1972లో ఆమెకు ఆపరేషన్ చేశారు. ఆమె పక్కన నిలబడింది ఆమె వదిన. తనను కోసిన రాజ్యం దగ్గరే, ఆ రాజ్యం చట్టంతోనే న్యాయం అడిగింది. 2019లో ఆ కోర్టు చట్టం రాజ్యాంగ విరుద్ధమే గానీ దావాకు కాలపరిమితి దాటిపోయిందంది. అప్పటికే ఆమె వెనుక మరెందరో కోర్టులకెక్కారు. 2024 జూలై 3న జపాన్ సుప్రీంకోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఇంత ఘోరంలో ప్రభుత్వం కాలపరిమితిని అడ్డు పెట్టుకోవడం న్యాయం కాదంది. బాధితులకు ఒక్కొక్కరికి కోటిన్నర యెన్‌ల పరిహారం ఇచ్చే చట్టం 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఆ మాట వినకుండానే చనిపోయినవాళ్లు చాలామంది.

‘సైకో-పాస్’లో లేనిది ఇదే. అందులో కొలిచేవాళ్లు మాట్లాడతారు, ఎదిరించే మేధావులు మాట్లాడతారు. కొలతలో ఓడిపోయి గదుల్లో మగ్గే గుప్త నేరస్తులకు దాదాపు గొంతే లేదు. మొదటి భాగంలో తుపాకి ముందు వణికిన ఆ స్త్రీకి తర్వాత ఏమైందన్నది కథకు అక్కర్లేదు. నిజ చరిత్రలో వ్యవస్థ తీగ పీకింది అటువంటి స్త్రీలే.

ఇదంతా జపాన్ గొడవే అనుకోవడానికి లేదు. పుట్టుకనే నేర సూచికగా లెక్కగట్టిన 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో కట్టడి చేసి ఉంచిన చరిత్ర మనది. కంప్యూటర్ లెక్కను నమ్మి, గడప తొక్కి విచారించకుండానే సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దు చేశారన్న తెలంగాణ కేసులో, మళ్లీ క్షేత్రస్థాయి పరిశీలన చేయమని మన సుప్రీంకోర్టు 2022లో ఆదేశించింది. ఆహార భద్రత చట్టం ప్రకారం రేషన్ కార్డుకు ఇంటిపెద్ద స్త్రీయే. కార్డు పోయిందంటే ముందు అన్నం మానుకునేదీ, డిపో చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగేదీ ఆమే. యంత్రం ఎలా లెక్కేసిందని అడిగితే కౌంటర్ అవతలి గుమస్తాకీ తెలియదు.

కాబట్టి ఇది స్త్రీవాద సీరీస్ అవునా కాదా అన్నదాని కన్నా, దాన్ని స్త్రీలుగా ఎలా చూస్తామన్నదే నాకు ముఖ్యం. అకానె ఎంత గట్టిదో చూద్దాం. అయితే ఆమె అడ్డుపడి కాపాడిన ఆ మొదటి స్త్రీ పేరును కూడా అడుగుదాం. ఆమె నోరు విప్పి చెప్పిన రోజున కొలబద్ద ఎవరి చేతిలో ఉందో అందరికీ కనిపిస్తుంది.