గాయాలతోనే లేచినవాడు

ఇంకా చీకటి విడలేదు. ఆశ్రమం వాకిట్లోకి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. ఈస్టరు ప్రార్థనకి మిస్సమ్మగారు వచ్చే వేళయింది. ఒకామె లాంతరు గాజుబుడ్డిని అరచేత్తో పట్టుకుని సర్దుతోంది.

“సెయ్యి తీసెయ్ అక్కా, కాలిపోతంది!”

“ఏదే?”

చెయ్యి తిప్పి చూసుకుంది. అప్పటికే బొబ్బెక్కింది. ఆమెకి ఏమీ తెలియలేదు. పక్కనున్న పిల్ల గబగబా ఓ గుడ్డపీలిక తడిపి చుట్టింది. చుట్టినంతసేపూ మంట తనకే పుట్టినట్టు పళ్లు బిగపట్టుకుంది.

ఈ ఇద్దరూ నా ఊహ. రామచంద్రపురంలో ఆ ఆశ్రమం నిజం, చురుకు తెలియకుండా చేతులు కాల్చే ఆ జబ్బూ నిజం. పందొమ్మిదో శతాబ్దం ముగుస్తున్న రోజుల్లో ఇసబెల్ హ్యాచ్ అనే కెనడియన్ బాప్టిస్టు మిషనరీ ఇక్కడ కుష్ఠురోగుల కోసం ఆశ్రమం మొదలుపెట్టారు. 

అప్పట్లో జబ్బు పేరు ఎత్తడానికే భయపడి ‘పెద్దరోగం’ అనేవారు. మచ్చ కనపడితే కంచం వేరు, పాక వేరు, చివరికి ఊరే వేరు. 1898లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన చట్టమైతే, దిక్కులేని కుష్ఠురోగి కంటపడితే వారంటు లేకుండా పట్టుకునే అధికారం పోలీసులకి ఇచ్చింది. జబ్బుపడ్డవాణ్ణి నేరస్థుడి లెక్కన చూసిన ఆ చట్టం మన పుస్తకాల్లోంచి పోయింది 2016లో! తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

నార్వేలో హాన్సెన్ 1873లోనే ఈ రోగక్రిమిని కనిపెట్టారు. కానీ సరిగ్గా పనిచేసే మందు కోసం 1940ల దాకా ఆగాల్సొచ్చింది. ఈలోగా ఉన్నదల్లా చాల్‌మూగ్రా గింజల నూనె, శుభ్రమైన కట్లు. నయమవుతుందన్న మాట ఆ వాకిట్లో ఎవరికీ ఎవరూ ఇవ్వలేని రోజులవి.

మరి అక్కడ పునరుత్థానం గురించి ఏం చెప్పాలి? యోహాను సువార్తలో తోమా అనే శిష్యుడి కథ నాకు ఇక్కడే కొత్తగా అర్థమైంది. సమాధిలోంచి లేచిన యేసు దేహం నున్నగా, మచ్చలేకుండా లేదు. మేకుల గాయాలు అలాగే ఉన్నాయి. ఆయన వాటిని దాచలేదు, ముందుకి చాపి ముట్టుకోమన్నాడు. కట్టు కట్టిన చేతుల్ని ఎప్పుడూ కొంగు కింద దాచుకునే మనుషులు ఈ కథ విన్నారు. మరణాన్ని గెలిచినవాడికీ గాయాలున్నాయని విన్నారు. వాళ్లకి దక్కిన ఆశ అక్కడుందని నేను నమ్ముతాను.

ఆ ఆశ బోధించినవాళ్లకీ పరీక్ష తప్పలేదు. తెలుగువాళ్ల మధ్య పనిచేసిన జాన్ డేవిస్ అనే కెనడియన్ బాప్టిస్టు మిషనరీకి అదే జబ్బు సోకింది. సొంత దేశానికి వెళ్లినా సొంత ఇల్లు దక్కలేదు. న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలోని ట్రాకడీలో, కాథలిక్ సన్యాసినులు నడిపే కుష్ఠురోగుల ఆసుపత్రిలో చేరారు. బాప్టిస్టు బోధకుడికి కట్లు కట్టింది కాథలిక్ చేతులు. ఆ కాలంలో ఆ రెండు సంఘాల మధ్య ఎంత దూరముండేదో తెలిసినవాళ్లకి ఇది చిన్న మాట కాదు. ఒక కుష్ఠురోగి జీవితగాథగా ఆయన ఆత్మకథ 1918లో టొరంటోలో అచ్చయింది. తనకి పట్టిన రోగం పేరుని ఆయన అట్ట మీదే చెప్పుకున్నారు.

2020 ఏప్రిల్ 12న ఈస్టరు వచ్చినప్పుడు కరోనా లాక్‌డౌన్‌లో గుళ్లన్నీ మూసున్నాయి. తెల్లవారుజామున సమాధుల తోటకి వెళ్లి కొవ్వొత్తులు పెట్టే అలవాటు ఆగిపోయింది. సాటిమనిషి ముట్టుకోడన్న బాధ ఎలా ఉంటుందో మనందరికీ కొద్దిగా తెలిసింది ఆ ఏడే.

ఇప్పుడు కుష్ఠుకి మందుంది. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. జబ్బు తీరుని బట్టి ఆరు నెలలో ఏడాదో వాడితే నయమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే మరొకరికి అంటించే గుణం పోతుంది. అయినా, భార్యకో భర్తకో ఈ జబ్బుందని విడాకులు అడిగే వీలుని మన దేశం 2019 దాకా చట్టంలోంచి తీసెయ్యలేదు.

ఈ ఈస్టరుకి మన పాస్టర్లకీ ఫాదర్లకీ ఒక మనవి. ప్రసంగంలో తోమా దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగి, ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చ ఎవరికైనా ఉంటే రేపే పీహెచ్‌సీకి వెళ్లమని చెప్పండి. మందు వాడి బాగుపడి వచ్చినవాళ్లుంటే, వాళ్లని గుడిలో ముందు వరసకి పిలవండి.