కుందేటి లోయలో కంపెనీ కాలువ

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోవువారికి తూర్పున నల్లమల గట్లును, పడమట దూరముగా ఎర్రమల గట్లును కనబడును. నడుమనున్నది నల్లరేగడి మైదానము. కుందేరు దాని గుండ దక్షిణముగా పారి పెన్నలో కలియును. ఈ సీమలో కొత్తపల్లె యను పేరుగల ఊళ్లు ఒకటి కంటె నెక్కువ గలవు. ఏ కొత్తపల్లె రచ్చబండ చేరి, కర్నూలు–కడప కాలువను ఎవరు త్రవ్వించిరని అడిగినను కాటన్ దొర యను సమాధానమే వినవచ్చును. ఆ సమాధానము సగము మాత్రమే నిజము. కాటన్ దొర ఆ కాలువను ఊహించెను. త్రవ్వించినది లండను నగరములో వాటాలమ్మి మూలధనము కూడబెట్టిన ఒక కంపెనీ.

వ్యాపార సంస్థలు లాభముతో పాటు నేలకును నీటికిని జవాబుదారి వహింపవలెననియు, అందులకు లెక్కలు వ్రాయువారి కంటె రూపకల్పన చేయువారే ముందు నిలువవలెననియు నేడు పలుతావుల వినుచున్నాము. ఇది క్రొత్తగా పుట్టిన చర్చ వలె తోచును. కాని మన రాయలసీమలో ఈ పరీక్ష నూట అరువది యేండ్లకు పూర్వమే జరిగినది. ఆ కథను శ్రోతలు ఒకమారు వినదగును.

1858లో ఈస్టిండియా కంపెనీ పాలన ముగిసి విక్టోరియా రాణి పాలన మొదలయ్యెను. ఆ సంవత్సరమే ‘మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ’ ఏర్పడెను. ప్రభుత్వము దానికొక అపూర్వమైన వరమిచ్చినది. పది లక్షల పౌనుల మూలధనము మీద ఏటేట నూటికి 5 చొప్పున వడ్డీ ముట్టునట్లు తానే పూచీపడినది. అనగా కాలువలో నీరు పారినను పారకున్నను, రైతు ఒక మడి తడుపుకొన్నను తడుపుకొనకున్నను, వాటాదారుని వడ్డీకి లోపము లేదు. ఆ సొమ్ము వచ్చునది మన దేశపు పన్నుల నుండియే. రైలు కంపెనీలకును ఆనాడు ఇదే ఏర్పాటు. రైలుబండికి ప్రయాణికులు తామే వచ్చిరి. నీటికి గిరాకి ఎట్లు కలుగునో మాత్రము ఎవరును గట్టిగా ఆలోచించినట్లు కనబడదు.

ఆర్థర్ కాటన్ (1803–1899) సామాన్యుడు కాడు. కావేరి మీద చోళులు కట్టిన కల్లణను పరిశీలించి, ఇసుక నేలలో రాతికట్టను నిలుపు విద్యను మనవారి పని నుండియే గ్రహించెను. ధవళేశ్వరము వద్ద 1847 నుండి 1852 వరకు గోదావరి ఆనకట్టను కట్టినప్పుడు నదియొడ్డుననే యుండి పని నడపెను. వీణెం వీరన్న వంటి తెలుగు ఉద్యోగి కూలిజనమును కూడగట్టి ఆయనకు కుడిభుజమై నిలిచెను. అక్కడి రైతు అంతకు పూర్వమే వరి సాగు ఎరిగినవాడు. అతనికి గల కొరత వేళకు నీరందకుండుటయే. గీసినవాడు, నేల, దున్నువాడు ముగ్గురును అక్కడ ఒక తావున కలిసికొనిరి.

తుంగభద్ర మీద ఆయన కన్న కల ఇంకను పెద్దది. నీరు పొలములను తడుపుటయే కాక, సరుకుల పడవలను మోయుచు పెన్న దాటి తూర్పు సముద్రము వరకు సాగవలెనని ఆయన కోరిక. ఆ కలలో ఒక భాగమే నేటి మన కాలువ. కర్నూలునకు ఎగువన సుంకేసుల వద్ద తుంగభద్రకు అడ్డముగా ఆనకట్ట కట్టిరి. కర్నూలు పట్టణము వద్ద హంద్రిని దాటుటకు నది మీద వంతెన కట్టి దాని పైన కాలువను నడపిరి. మిట్టకందాల వద్ద మిట్టను లోతుగా త్రవ్వి, కృష్ణకు పోవలసిన నీటిని పెన్నవైపు మళ్లించిరి. అటుపిమ్మట కాలువ కుందేటి లోయలో దిగి, నంద్యాల సీమ గడచి, రాజోలి ఆనకట్టను, పెన్న మీది ఆదినిమ్మాయపల్లె ఆనకట్టను ఆధారము చేసికొని కడప చేరినది. మొత్తము 190 మైళ్లు. పడవలు ఎక్కి దిగుటకు లాకులు సైతము కట్టిరి. 1860 తరువాతి పదేండ్లలో పని సాగి 1871 నాటికి ముగిసినది. యంత్రములు కొరతగానున్న ఆ రోజులలో ఒక నదీ పరీవాహము నుండి మరియొకదానికి నీటిని ఇంత చక్కని వాటముతో నడపుట సామాన్యము కాదు. పనితనమునకు వంక పెట్టరాదు.

వంక మరియొక చోట నున్నది.

రేగడి నేల స్వభావము డెల్టా నేల స్వభావము వంటిది కాదు. అది వానకాలమున కురిసిన నీటిని లోలోపల దాచుకొనును. వానలు వెనుకబట్టిన పిదప విత్తిన జొన్న, ప్రత్తి ఆ దాచిన తేమ మీదనే పండును. ఇట్టి నేలకు కాలువ నీరు విరివిగా పెట్టినచో ఉబ్బి బురదయగును. ఎండినప్పుడు బెత్తెడు వెడల్పున నెఱ్ఱెలు విచ్చును. వరి పండింపవలెనన్న పొలము చదును చేయవలెను, గట్లు వేయవలెను, క్రొత్త ఎద్దులు, క్రొత్త కూలీలు, క్రొత్త అప్పు కావలెను. మెట్టసేద్యములో తరములుగా ఆరితేరిన రైతు ఇంత సాహసమునకు పూనుకొనకపోవుట మూర్ఖత్వము కాదు. వాన కురిసిన యేడు అతనికి కాలువతో పనిలేదు. కురియని యేడు మాత్రమే పని. కంపెనీకో ప్రతి సంవత్సరము నీరమ్ముడుపోవలెను. పైగా నీరమ్మువాడు కంపెనీ దొర, శిస్తు వసూలు చేయువాడు కలెక్టరు దొర. ఒక పొలమునకు ఇద్దరు దొరలైనప్పుడు రైతు ఇద్దరికిని దూరముగా నుండుటయే మేలనుకొనును.

కల గన్న కాటన్ ఈ పని ముగియుటకు చాల ముందే కొలువు విడిచి స్వదేశము చేరెను. గోదావరి యొడ్డున ఉన్నట్లు ఆయన కుందేటి యొడ్డున లేడు. రేగడిలో కాలు దిగబడిన పిదప ఆయన తన పటమును మార్చుకొని యుండెడివాడో లేదో చెప్పుట కష్టము. మార్చుకొనగల మనిషియనియే నా నమ్మకము. కాని లండనులో కూర్చున్న కంపెనీ పెద్దలకు పటము మార్చవలసిన అవసరమే తోచలేదు. పూచీపడిన సొమ్ము పని ముగియకమునుపే చెల్లిపోగా అప్పు తెచ్చి కాలువను పూర్తిచేసిరి. కడప వద్ద ఆగిపోయిన కాలువ సముద్రము చేరలేదు కనుక పడవలకు రేవు దొరకలేదు. ఇంతలో 1871 నాటికి మద్రాసు నుండి కడప మీదుగా రాయచూరు వరకు రైలు నడచెను. సరుకులు బండి నెక్కినవి.

ఇచ్చట ఒక శిలాశాసనమును స్మరింపక తప్పదు. ఆళ్లగడ్డకు తూర్పుగా కొండల కావల కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువు గలదు. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని త్రవ్వించి, 1369లో సంస్కృత శాసనము వేయించెను. మంచి చెరువునకు కావలసిన 12 సాధనములను, తప్పింపవలసిన 6 దోషములను అందులో వరుసగా చెప్పినారు. ధర్మపరుడైన ప్రభువు, జలశాస్త్రమెరిగినవాడు, గట్టినేల, తియ్యని నీటి నది, నేర్పుగల పనివారు సాధనములలోనివి. కట్ట నుండి నీరు కారుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేర దోషములు. అన్నింటికంటె నన్ను ఆకర్షించినవి చివరి రెండు దోషములు. నీరు తక్కువై భూమి ఎక్కువగుట యొకటి. నీరు ఎక్కువై భూమి చాలకుండుట మరియొకటి. నీటికిని నేలకును పొత్తు కుదరనిచో కట్ట ఎంత గట్టిదైనను ఆ పని దోషమేయని అయిదువందల యేండ్లకు మునుపే మనవారు రాతిపై చెక్కి పెట్టిరి. కొండ దాటి వచ్చి ఆ రాయిని చదివించుకొనిన కంపెనీ ఉద్యోగి యెవడైనను ఉండెనా?

1876 నుండి 1878 వరకు దక్షిణాదిని దహించిన మహాక్షామము ఈ కథలో ఘోరమైన ఘట్టము. 1871 జనాభా లెక్కతో 1881 లెక్కను పోల్చినచో కర్నూలు జిల్లా జనములో ఇంచుమించు నాల్గవ వంతు తరిగిపోయినట్లు తెలియును. నష్టముల కాలువయని అప్పటివరకు ఈసడింపబడిన కాలువ విలువ ఆ రోజులలో తెలిసివచ్చినది. 1878లో బ్రిటిషు పార్లమెంటు విచారణ సంఘము ఎదుట డెబ్బదియైదేండ్ల కాటన్ నిలిచి, రైళ్ల కంటె కాలువలే ఈ దేశమునకు ముఖ్యమని వాదించెను. ఆయన వాదము పూర్తిగా నెగ్గలేదు. కరవులో నిలువగల కాలువను కరవు రాని సంవత్సరముల ఆదాయముతో తూచుట న్యాయమా యను ప్రశ్నకు అప్పటి లెక్కల పుస్తకములలో చోటు లేదు.

తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను కొని కంపెనీ లావాదేవీలు ముగించెను. ఒడిస్సాలో మొదలైన మరియొక నీటి కంపెనీ అంతకు మునుపే సర్కారు చేతికి వచ్చినది. పూచీ వడ్డీతో నడచు కంపెనీల చేత కాలువలు త్రవ్వించు పద్ధతి దానితో అంతరించినది.

పిదప జరిగినది నెమ్మదియైన మార్పు. 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధన క్షేత్రము వెలసి, రేగడికి తగిన ప్రత్తి, జొన్న రకముల మీద పని సాగించినది. రైతులు తమంతట తాము కొంత కొంతగా పొలములు చదును చేసికొనిరి. ఆయకట్టు పెరిగి సుమారు 2,65,000 ఎకరములైనది. కృష్ణా జలముల పంపిణీలో బచావత్ న్యాయమూర్తి అధ్యక్షతన 1973లో వెలువడిన తీర్పు ఈ కాలువకు 39.9 టి.ఎం.సి.ల నీటిని గుర్తించినది. కర్నూలు సోనామసూరి బియ్యమునకు నేడు దూర ప్రాంతములలో పేరున్నది. లాకుల గుండ పడవ యొకటియు నడువకున్నను అదే కాలువ నీరు ఆ వరి మళ్లకు పారుచున్నది. కంపెనీ వారు కోరిన సేద్యము కంపెనీ పోయిన తరువాతనే వచ్చినది.

వంద యేండ్లు దాటిన కట్టడములకు మరమ్మతు కావలసి రాగా 1996 నుండి జపాను దేశపు ఋణసాయముతో ఆధునికీకరణ పనులు జరిగినవి. సుంకేసులలో పాత ఆనకట్ట తావున కోట్ల విజయభాస్కరరెడ్డి పేర బరాజు లేచినది. దానిలో నిలువగలది 1.2 టి.ఎం.సి.లు మాత్రమే, 2009 అక్టోబరు వరదలో అదియు దెబ్బతినినది. ఎగువన ఎవరెంత వాడుకొందురో, శ్రీశైలము జలాశయము నుండి బానకచర్ల మీదుగా ఎంత వచ్చునో అను లెక్కలు ప్రతి యేడును మారుచుండును. తుంగభద్రలో నీరు పలుచబడిన సంవత్సరమున ఎగువ మళ్లు తడిసిన పిదప మిగిలినదే దిగువకు. కడప జిల్లాలోని చివరి తూముల రైతు నారుమడి పోసికొనుటకు ముందు సుంకేసుల కబురు కొరకు ఎదురుచూచుచున్నాడు.