గోదావరి దాటితే మారేది రక్తమా, చట్టమా?

"మగపుట్టుకే అంత" అనే మాట మా తండాల్లో కొత్తది కాదు. రెండో పెళ్లి చేసుకున్నవాణ్ణి పంచాయితీలో నిలదీస్తే వెనకటికి "మన ఆచారం" అనేవాడు. ఇప్పుడు చదువుకున్న పిల్లగాండ్లు ఫోన్లో వీడియోలు చూసి "మగజీవికి ఒక్కతి చాలదని సైన్సే చెప్పింది" అంటున్నారు. ఆచారం నిజంగా ఏమిటో, సైన్సు నిజంగా ఏం చెప్పిందో చూద్దామనే మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు సైన్సు. మగవి పోటీ పడతాయి, ఆడవి ఎంచుకుంటాయి అనే ఆలోచనను డార్విన్ 1871లో వివరంగా రాశాడు. 1948లో బేట్‌మన్ అనే శాస్త్రవేత్త పండ్ల ఈగలపై ప్రయోగం చేసి, ఎక్కువ జతలు కడితే మగ ఈగకే లాభమన్నాడు. పాఠ్యపుస్తకాలు దాన్నే చెప్పుకుంటూ వచ్చాయి. 2012లో ప్యాట్రీషియా గొవాటి బృందం అదే ప్రయోగాన్ని మళ్లీ చేసి, పిల్ల ఈగల తల్లిదండ్రులను లెక్కించిన పద్ధతిలోనే లోపం ఉందని చూపింది. వీడియోల్లో ఈ రెండో సగం ఉండదు.

శరీరాలను చూసినా అంతే. మగ గొరిల్లా ఆడదానికి దాదాపు రెట్టింపు బరువు. ఒక్కటే అనేక ఆడవాటితో గుంపుగా ఉంటుంది. జంటగా బతికే గిబ్బన్లలో ఆడా మగా దాదాపు సమానం. మనుషుల్లో తేడా ఉంది కానీ గొరిల్లా అంత లేదు. పైగా మన బిడ్డ ఏళ్ల తరబడి ఒకరి చేతుల మీద పెరగాలి. తల్లి ఒక్కతే పెంచలేదు. తండ్రి, అవ్వ, మేనమామ కావాలి. ప్రపంచంలోని వెయ్యికి పైగా సమాజాల వివరాలు సేకరించిన మర్డాక్ పట్టికలో ఎక్కువ సమాజాలు మగవాడికి ఇద్దరు భార్యలను అనుమతించినవే. అయినా ఆ సమాజాల్లోనూ ఎక్కువమంది మగవాళ్లకు ఉన్నది ఒక్క భార్యే. అనుమతి వేరు, నడత వేరు.

ఇక మన ఆచారం. 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన హైమెన్‌డార్ఫ్, భర్త చనిపోయిన స్త్రీ మరిదిని పెళ్లాడే పద్ధతిని నమోదు చేశాడు. లంబాడాల్లోనూ ఆ పద్ధతి ఉండేది. ఆమె, ఆమె పిల్లలు, పశువులు ఇల్లు దాటిపోకూడదన్నది దాని లెక్క. పిల్లలు లేరనో, చేనుకూ పశువులకూ చేతులు చాలవనో రెండో భార్యను తెచ్చుకునేవారు. కానీ అప్పట్లో ఓలి ఉండేది. ఎడ్లు, డబ్బు మగపెళ్లివారే ఇచ్చుకోవాలి. రెండోసారి ఇచ్చుకునే స్తోమత ఎందరికి ఉంటుంది? ఓలి ఆడదానికి గౌరవమని మేము అనడం లేదు. మగవాడికి అది పగ్గమైందని మాత్రం అంటున్నాం. ఇప్పుడు ఓలి పోయి కట్నం వచ్చింది. రెండో పెళ్లి ఖర్చు కాదు, రాబడి అయింది. అయినా పాత ఆచారం పేరే చెబుతున్నారు.

పని కూడా పెళ్లిని మలుస్తుంది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చాక ఈ ప్రాంతమంతా చెరకు సీమ అయింది. 2015లో అది మూతబడింది. మహారాష్ట్ర చెరకు కోతల్లో మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేది జంటకు. మొగుడూ పెళ్లాం కలిస్తేనే ఒక 'కొయిత'. ఆ అడ్వాన్సు కోసం అక్కడ ఈడు రాకముందే పెళ్లిళ్లు చేస్తున్నారు. అక్కడ ఒకే జంట కావాలన్నది రక్తం కాదు, కూలి లెక్క.

చట్టం సంగతి ఇంకా విచిత్రం. నవీపేటలో రైలెక్కితే బాసర దగ్గర గోదావరి దాటి ధర్మాబాద్ చేరతాం. అటువైపు బంజారాలు షెడ్యూల్డు తెగ కాదు, విముక్త జాతి. 1955 హిందూ వివాహ చట్టం వాళ్లకు వర్తిస్తుంది. భార్య ఉండగా రెండో పెళ్లి చెల్లదు, నేరం. ఇటువైపు మనం షెడ్యూల్డు తెగ. ఆ చట్టంలోని 2(2) సెక్షన్ ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప అది మనకు వర్తించదు. తెలంగాణ లంబాడాలు ఈ జాబితాలోకి వచ్చింది 1976 సవరణ చట్టంతో; అమలైంది 1977లో. అంటే మన తాతలు కొన్నేళ్లు ఆ చట్టం కిందే ఉన్నారు. 1977లో ఏ మగవాడి రక్తమూ మారలేదు.

దీని బరువు మోసేది ఆడవాళ్లే. 2001లో ఒక గిరిజన భార్య తన భర్త రెండో పెళ్లిపై పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రెండో పెళ్లిని చెల్లనిదిగా చేసే ఆచారం తమ తెగలో ఉందని ఆమె రుజువు చేయలేదంటూ కోర్టు కేసు కొట్టేసింది. రాతలో లేని ఆచారాన్ని ఒంటరి ఆడది ఎట్లా రుజువు చేస్తుంది?

షెడ్యూల్డు తెగ హోదాను వదులుకోమని మేము చెప్పడం లేదు. అది పోరాడి తెచ్చుకున్న హక్కు. మన ఆచారాన్ని మనమే రాసుకుందాం అంటున్నాం. ఉపాధ్యాయులు, యువకులు తండా పెద్దలను అడగండి. అవ్వలను ముందు అడగండి. మొదటి భార్య ఒప్పుకోకుండా రెండో పెళ్లి జరిగేదా, పంచాయితీ ఏ తప్పు వేసేది, విడిపోతే ఆమెకేం ఇచ్చేవారు అన్నది రాయండి. పెళ్లి నమోదు తప్పనిసరి చేసే చట్టం 2002 నుంచీ ఉంది. ప్రతి పెళ్లినీ నమోదు చేయించండి. తండాలో ఎవరైనా మళ్లీ "మగపుట్టుకే అంత" అంటే, గోదావరి అవతలి మన బంధువులను చూపించండి. వాళ్లదీ మన పుట్టుకే.