చిప్‌సెట్ (గేమింగ్ కంప్యూటర్లలో)

మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌కు, మెమరీకి, గ్రాఫిక్స్ కార్డుకు, డిస్కులకు మధ్య రాకపోకలు నడిపే చిప్పుల సముదాయం. ఏ ప్రాసెసర్ పనిచేస్తుంది, దాన్ని ఓవర్‌క్లాక్ చేయవచ్చా (నిర్ణీత వేగానికి మించి నడపవచ్చా), ఎన్ని ఎస్‌ఎస్‌డీలు తగిలించవచ్చు అన్నవి చాలావరకు దీన్నిబట్టే ఉంటాయి. అందువల్ల గేముల కోసం విడిభాగాలు కొని కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునేవారు ప్రాసెసర్‌తో పాటే దీన్నీ ఎంచుకుంటారు.

తొలి దశ

1981 నాటి ఐబీఎం పీసీలో చిప్‌సెట్ లేదు. ఇంటరప్టులకు 8259, టైమర్‌కు 8253, డీఎంఏకు 8237 అంటూ ఒక్కో పనికి ఒక్కో చిప్పు ఉండేది. 1984లో అమెరికాలో ఏర్పడిన చిప్స్ అండ్ టెక్నాలజీస్ ఐబీఎం ఏటీ బోర్డు మీది అనేక చిప్పుల పనిని కొద్ది చిప్పుల్లోకి కుదించి, చవక పీసీలకు దారి వేసింది. ఇంటెల్ 1992లో పీసీఐ బస్‌ను, 1995లో పెంటియం కోసం 430ఎఫ్ఎక్స్‌ను తెచ్చింది. 1997 నాటి 430టీఎక్స్ 64 ఎంబీకి మించిన మెమరీని క్యాష్ చేయలేకపోయేది. అందుకే దాని మీద ర్యామ్ పెంచితే కొన్ని పనులు నెమ్మదించేవి.

440బీఎక్స్ కాలం

గ్రాఫిక్స్ కార్డుకు ప్రత్యేక దారి అయిన ఏజీపీని 1997లో 440ఎల్ఎక్స్ ప్రవేశపెట్టింది. 1998 ఏప్రిల్‌లో వచ్చిన 440బీఎక్స్ సిస్టమ్ బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచింది. గేమింగ్ చరిత్రలో ఇంతగా ఆదరణ పొందిన చిప్‌సెట్లు అరుదు.

ఆ ఆదరణలో ఎక్కువ వాటా అదే ఏడాది ఆగస్టులో వచ్చిన సెలెరాన్ 300ఎ ప్రాసెసర్‌ది. బస్ వేగానికి ఎన్ని రెట్లతో ప్రాసెసర్ నడవాలో చెప్పే గుణకం అందులో 4.5 దగ్గర లాక్ అయి ఉండేది. బస్‌ను 66 నుంచి 100కు మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్పు 450 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. చిప్పులోనే 128 కేబీ క్యాష్ పూర్తి వేగంతో పనిచేసేది కనుక, గేముల్లో ఖరీదైన పెంటియం-2కు దాదాపు సాటి వచ్చేది. అబిట్ సంస్థ బీహెచ్6 బోర్డులో ఈ మార్పును జంపర్లు కదపకుండా బయోస్ మెనూలోనే చేసుకునే వీలు కల్పించింది.

బస్‌ను 133కు తీసుకెళ్తే మాత్రం చిక్కు వచ్చేది. అంత వేగానికి తగిన ఏజీపీ విభజన 440బీఎక్స్‌లో లేదు. దాంతో 66 మెగాహెర్ట్జ్‌తో నడవాల్సిన ఏజీపీ 89కి చేరేది. కొన్ని కార్డులు దాన్ని తట్టుకునేవి, కొన్ని హ్యాంగ్ అయ్యేవి.

1999 చివర వచ్చిన 820 చిప్‌సెట్‌కు ఖరీదైన ఆర్‌డీర్యామ్ కావలసి వచ్చింది. మామూలు ఎస్‌డీర్యామ్‌తో పనిచేయించే అనుసంధాన చిప్పులో లోపం బయటపడి, 2000లో ఆ బోర్డులను ఇంటెల్ వెనక్కి తీసుకుంది. ఈ పరిణామాలతో పాత 440బీఎక్స్‌కు ఆయుష్షు పెరిగింది. పోటీ చిప్‌సెట్లు తయారుచేసే వయా సంస్థకు మార్కెట్ దొరికింది.

నార్త్‌బ్రిడ్జ్ తొలగింపు

2001 నుంచి ఎన్విడియా ఎన్‌ఫోర్స్ చిప్‌సెట్ల శ్రేణి ఏఎండీ వినియోగదారులను ఆకట్టుకుంది. 2003లో ఏఎండీ అథ్లాన్ 64 మెమరీ కంట్రోలర్‌ను ప్రాసెసర్‌లోకి చేర్చుకుంది. 2009లో ఇంటెల్ పీ55 వచ్చేసరికి గ్రాఫిక్స్ కార్డు లింకు కూడా ప్రాసెసర్‌లోకి వెళ్లి, అంతవరకు మెమరీని, గ్రాఫిక్స్ కార్డును ప్రాసెసర్‌తో కలిపిన నార్త్‌బ్రిడ్జ్ అనే చిప్పు కనుమరుగైంది. ఆ తర్వాత గేముల వేగం మీద చిప్‌సెట్ ప్రభావం స్వల్పం. అది అనుమతులకు, అదనపు పోర్టులకు పరిమితమైంది.

2011లో ఇంటెల్ గుణకం మార్చుకునే వీలును ‘కె’ ప్రాసెసర్లకు, పీ67 వంటి కొన్ని చిప్‌సెట్లకు పరిమితం చేసింది. ఆ జనవరిలోనే కొత్త చిప్‌సెట్‌లోని సాటా పోర్టులు కాలక్రమేణా బలహీనపడే లోపం బయటపడి, సరఫరా ఆగింది. 2017లో జడ్370 కూడా జడ్270 లాగే ఎల్‌జీఏ1151 సాకెట్‌తోనే వచ్చినా, ఎనిమిదో తరం ప్రాసెసర్లకు పాత బోర్డులో మద్దతు లేదు. సాకెట్ కలిసినంత మాత్రాన సరిపోదని కొనుగోలుదారులకు దీనితో తెలిసివచ్చింది.

ప్రస్తుత ఎంపిక

ఏఎండీ తన 2017 నాటి ఏఎం4 వేదికలో మధ్యశ్రేణి బీ350కి సైతం ఓవర్‌క్లాకింగ్ అనుమతించింది. బీ450 బోర్డులకు రైజెన్ 5000 మద్దతు ఉండదని 2020లో మొదట ప్రకటించి, వినియోగదారుల నిరసనతో అదే నెలలో వెనక్కి తగ్గింది. ఇంటెల్‌లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ జడ్ శ్రేణికే పరిమితం. బీ560 నుంచి బీ శ్రేణిలో మెమరీ వేగం పెంచుకోవచ్చు.

2022 నాటి ఏఎం5లో ఎక్స్670 అంటే బీ650లో వాడే చిప్పునే రెండు కలిపినది. గ్రాఫిక్స్ కార్డు రెండింటిలోనూ నేరుగా ప్రాసెసర్‌కే కలుస్తుంది. అందువల్ల ఒక కార్డు, ఒకటి రెండు ఎస్‌ఎస్‌డీలు చాలనుకునేవారికి బీ650 సరిపోతుంది. ఎక్స్670 మీద పెట్టే అదనపు సొమ్ముకు వచ్చేవి ప్రధానంగా యూఎస్‌బీ పోర్టులు, స్లాట్లు. ఆ సొమ్మును గ్రాఫిక్స్ కార్డుకు మళ్లిస్తే గేముల్లో ఫలితం ఎక్కువ.