ఓడ దిగిన వడ్రంగి: లాస్ ఏంజెలిస్ తొలి జర్మను వాసి

మహానగరముల చరిత్ర వ్రాయువారు సేనానులను, పాలకులను, రైలుమార్గములు వేయించిన ధనికులను స్మరింతురు. ఆ నగరము చిన్న ఊరుగా నున్ననాడు అచ్చట తొలుత కంచె నాటినదెవరు, ఆ కంచెకు వెలుపల మిగిలినదెవరు అను ప్రశ్న అరుదుగా వినవచ్చును. అమెరికా పడమటి తీరమందలి లాస్ ఏంజెలిస్ నగరమున 2020 నాటి జనాభా లెక్కల ప్రకారము ముప్పది యెనిమిది లక్షలకు మించి ప్రజలు కలరు. 1850 నాటి లెక్కలలో ఆ ఊరి జనసంఖ్య 1,610 మాత్రమే. అట్టి చిన్న ఊరిలో చేయి చాచి వచ్చి, చేను గలవాడై కన్నుమూసిన జర్మను నావికుడొకడు కలడు. వాని జన్మనామము యోహాన్ గ్రోనింగెన్. ఊరివారు పిలిచిన పేరు హువాన్ దొమింగో.

యోహాన్ హానోవరు దేశస్థుడు. డాన్యూబు అను ఓడలో వడ్రంగిగా పనిచేయుచుండెను. 1830 ప్రాంతమున ఆ ఓడ శాన్ పెద్రో రేవునొద్ద తుపానుకు చిక్కి భగ్నమయ్యెను. ఆనాటి శాన్ పెద్రో పేరునకు రేవే గాని, గాలివానకు అడ్డునిలుచు కట్ట యేదియు అచ్చట లేదు. ప్రాణములతో ఒడ్డు చేరిన యోహాన్ మరల సముద్రము వంక చూడలేదు. రేవునుండి పది కోసుల లోపుననే యున్న లాస్ ఏంజెలిస్ గ్రామమున నిలిచిపోయెను. ఆ ఊరి తొలి జర్మను నివాసిగా చరిత్రకారులు వానిని పేర్కొందురు.

ఆ గ్రామమును 1781లో స్పెయిను ప్రభుత్వము పదునొకండు కుటుంబములతో, నలువది నలుగురు జనులతో నెలకొల్పెను. 1821లో మెక్సికో స్వతంత్రము కాగా, కాలిఫోర్నియా ఆ దేశమున భాగమయ్యెను. పరదేశి యచ్చట స్థిరపడి భూమి సంపాదింపవలెనన్న రోమను కాథలిక్కు మతమును, మెక్సికో పౌరసత్వమును స్వీకరించుట నాటి రాజమార్గము. ఊరి కన్యను వివాహమాడినచో పని మరింత సుకరమగుచుండెను. యోహాన్ స్థానిక స్పానిషు కుటుంబమునకు అల్లుడయ్యెను. యోహాన్ అను పేరు స్పానిషున హువాన్ అయ్యెను. దొమింగో అనగా ఆ భాషలో ఆదివారము. వడ్రంగము తెలిసినవాడు చేయవలసిన పనికి ఆ ఊరిలో కొరత లేదు. మట్టియిండ్లకు దూలములు కావలెను, తలుపులు కావలెను, బండ్లు కావలెను, ద్రాక్షసారాయమునకు పీపాలు కావలెను. పరభాషయు, పరమతమును, పరదేశాచారమును తనవిగా జేసికొని బ్రతికిన ఈ ఓర్పు మెచ్చదగినదే.

ఊరికి జీవనాధారము నదినుండి త్రవ్విన కాలువ. దానిని తల్లికాలువ యను అర్థమిచ్చు స్పానిషు పేరుతో పిలిచెడివారు. ఆ నీటితో నదియొడ్డున ద్రాక్షతోటలు పెరిగెను. 1831లో వచ్చిన ఝాఁ లూయీ వీన్యు అను ఫ్రెంచివాడు అచ్చట పెద్ద తోట వేసి ప్రసిద్ధుడయ్యెను. ఆ చెంతనే, ఆలమీడా, అలిసో వీధుల ప్రాంతమున, దొమింగో కూడ ద్రాక్ష నాటెను.

అయితే ఆ నేల బీడు కాదు, అనాథము కాదు. స్పానిషువారు రాకమునుపే అచ్చట యాంగా అను టోంగ్వా జాతీయుల గ్రామముండెను. వీన్యు తోటలోని మహావృక్షము నీడను ఆ గ్రామపు పెద్దలు కూడి సభ తీర్చెడివారని చెప్పుదురు. 1771లో స్థాపితమైన శాన్ గాబ్రియెల్ మఠము ఆ జాతివారిని తన క్రిందికి తెచ్చికొనెను. 1834 నుండి మఠముల ఆస్తులను ప్రభుత్వము విడగొట్టగా, నిలువనీడ లేని ఆదివాసులనేకులు కూలికై ఊరికి వచ్చిరి. కాలువలు త్రవ్వినది వారు, తీగెలు కత్తిరించినది వారు, ద్రాక్ష త్రొక్కి రసము తీసినది వారు. వారి గూడెము మాత్రము 1836 ప్రాంతమున ఒకచోటినుండి మరియొక చోటికి నెట్టబడెను.

క్రొత్తచోటనైన వారికి నెమ్మది లేదు. 1838లో ఆ గూడెమువారు పురసంఘము నెదుట దొమింగోపై ఫిర్యాదు చేసిరి. తమకు విడిచిన నేలను అతడాక్రమించెనని వారి మొర. పురసంఘము వారి పక్షముననే తీర్పు చెప్పెను. చదువు రాని కూలివారు సభకెక్కి, ఆస్తిపరునిపై న్యాయము గెలిచిన ఈ ఘట్టము ఆ ఊరి చరిత్రలో మరువరానిది.

కాని తీర్పు పత్రము కన్న క్రయపత్రము బలమైనదని ఏడేండ్లలో తేలెను. 1845లో మెక్సికో పక్షమున కాలిఫోర్నియా నేలిన కడపటి గవర్నరు పియో పీకో. ఆయన ఖజానా వట్టిపోయి యుండెను. ఆ సంవత్సరముననే గూడెపు భూమి 200 డాలర్లకు దొమింగో పరమయ్యెను. ఆదివాసులు నదికి ఆవలి యొడ్డునకు తరలింపబడిరి. 1846లో అమెరికా సైన్యము ఊరిని పట్టుకొనెను. 1847లో ఆవలి యొడ్డునందలి గూడెమును సైతము పురసంఘము అనుమతితో నేలమట్టము చేసిరి. పదునొకండేండ్లలో ఒక గ్రామము మూడుమారులు చెదరెను.

1850లో కాలిఫోర్నియా అమెరికా రాష్ట్రములలో చేరెను. అదే యేట వెలువడిన చట్టము ప్రకారము, తిరుగుబోతని తీర్మానింపబడిన ఆదివాసిని నాలుగు మాసములవరకు అత్యధికముగా పాడినవానికి పనికి ఒప్పగింపవచ్చును. లాస్ ఏంజెలిస్ లో తోటల యజమానులు కూలిలో కొంత సారాయముగా నిచ్చెడివారు. ఆదివారము సాయంకాలము త్రాగిపడియున్నవారిని బంధించి, సోమవారము ఉదయమున వేలము వేసి, వారమురోజుల పనికి తోటలకు తోలెడివారు. మరల శనివారమునకు కూలి, సారాయము, మరల చెర. ఈ చక్రమున నలిగి ఆ జాతివారు ఊరిలో నానాటికి క్షీణించిరి.

హువాన్ దొమింగో 1858లో మరణించెను. వాని జీవితమున రెండు సత్యములు పెనవేసికొని యున్నవి. తెప్పవలె కొట్టుకొనివచ్చిన పరదేశికి ఆ ఊరు భార్య నిచ్చెను, పేరు నిచ్చెను, పొలము నిచ్చెను. అతడు క్రూరుడని గాని, మోసగాడని గాని చెప్ప నవసరము లేదు. నాటి చట్టము తెరచిన ద్వారముననే అతడు నడచెను. కాని ఆ ద్వారము తాతతండ్రులనాటి నుండి అచ్చటనే యున్నవారికి మూతపడెను. వచ్చినవాని కష్టమును మెచ్చుకొనుటకు, వెళ్లగొట్టబడినవాని కష్టమును మరువ నక్కరలేదు.

నేడు ఆ ద్రాక్షతోటలు లేవు. ఆ మహావృక్షము పందొమ్మిదవ శతాబ్ది చివర నెండిపోగా నరికివేసిరి. ఆ ప్రాంతమున రాజమార్గములు, 1939లో తెరచిన పెద్ద రైల్వేస్టేషను నిలిచియున్నవి. టోంగ్వా సంతతివారు నేటికిని ఆ నగర పరిసరములలో జీవించుచు, యాంగా పేరును మరువక నిలుపుకొనుచున్నారు.